పికప్ ట్రక్కు క్యానోపీని దించడం, భద్రపరచడం: పరికరాలు, కొలతలు, పద్ధతి

పికప్ బెడ్ (వెనక సామాను వేసే తెరిచిన తొట్టి) మీద క్యానోపీ (ఆ తొట్టిని కప్పే గట్టి పైకప్పు) బిగించుకున్నవాళ్లలో చాలామంది మళ్లీ దాన్ని దించరు. దించాలంటే నలుగురిని పిలవాలి, దించాక ఎక్కడ పెట్టాలో తెలియదు. దాంతో ఇంటికి ఫ్రిజ్ తేవాలన్నా, పెరట్లోకి మట్టి తోలాలన్నా సొంత ట్రక్కు ఉండి కూడా అద్దె బండి వెతుక్కుంటారు. కాస్త సరంజామా సమకూర్చుకుంటే ఇద్దరు మనుషులు ఒక పూటలో తాపీగా దించేయొచ్చు. గరాజ్ సీలింగ్‌కి హాయిస్ట్ (కప్పీలతో బరువెత్తే ఏర్పాటు) ఉంటే, అడ్డకర్రలు దూర్చేటప్పుడు కాసేపు తోడు దొరికాక ఒక్కరే చాలు.

ఇక్కడ చెప్పే పద్ధతులు ప్రధానంగా అమెరికాలో వాడే ఫైబర్‌గ్లాస్, అల్యూమినియం క్యానోపీలకు వర్తిస్తాయి. అక్కడ వీటిని టాపర్ అనీ, క్యాంపర్ షెల్ అనీ అంటారు. ఆస్ట్రేలియాలో యూట్‌ల (అక్కడి పికప్‌ల) మీద వాడే కాళ్ల క్యానోపీల గురించీ, మన దగ్గర ఇసుజు వి-క్రాస్, టయోటా హైలక్స్ మీద కనిపించే వాటి గురించీ చివర్లో విడిగా ఉంది.

ముందు దాని స్వభావం తెలియాలి

ఫైబర్‌గ్లాస్ క్యానోపీ 150 నుంచి 225 పౌండ్లు, అంటే దాదాపు 70 నుంచి 100 కిలోలు ఉంటుంది. పక్క తలుపులు, రూఫ్ ర్యాక్ ఉంటే ఇంకా పెరుగుతుంది. నలుగురు ఎత్తగలిగే బరువే. చిక్కంతా దాని ఆకారంతోనే. దానికి అడుగు లేదు. వెనక గోడ ఉండాల్సిన చోట గాజు తలుపు ఉంటుంది. రెండు పక్క గోడల్ని కలిపి పట్టుకునేవి పైకప్పు, ముందు గోడ మాత్రమే. బెడ్ మీద కూర్చున్నంత కాలం బెడ్ రైళ్లే (బెడ్ పక్క గోడల పై అంచులు) దాని కింది అంచుల్ని నిలబెడతాయి. పైకి లేచిన క్షణం ఆ ఆధారం పోతుంది. పక్కలు బయటికి విచ్చుకుంటాయి, లేదా బెల్టు వేసి లాగితే లోపలికి నొక్కుకుంటాయి. ఒక మూల ఎక్కువ లేచి ఇంకో మూల కిందుంటే వెనక తలుపు చట్రం మెలిక తిరుగుతుంది. ఆ తలుపుది టెంపర్డ్ గాజు. చట్రం మెలికపడి గాజు అంచు మీద ఒత్తిడి పడితే మొత్తం ఒకేసారి రవ్వలుగా రాలిపోతుంది.

కాబట్టి ఏ పరికరం కొన్నా, ఏది సొంతంగా చేసుకున్నా దాన్ని ఒక్క ప్రశ్నతో పరీక్షించండి: క్యానోపీ కింది అంచుల్ని నాలుగు చోట్లా ఒకే మట్టంలో, ఒకే వెడల్పులో పట్టి ఉంచుతుందా? ఉంచకపోతే అది ఎంత బరువు మోసినా మనకు పనికిరాదు.

కొలతలు

దించడానికి ముందురోజే టేపు, కాగితం పట్టుకుని ఇవి రాసుకోండి. క్యానోపీ కింది అంచుల మధ్య వెడల్పు ముందు, మధ్య, వెనక మూడు చోట్లా కావాలి. దించాక, మళ్లీ ఎక్కించే ముందు ఇవే కొలతలు తీసి చూస్తారు. పావు అంగుళం దాటి తేడా కనిపిస్తే క్యానోపీ వంగుతోందని అర్థం. తర్వాత క్యానోపీ ఎత్తు, నేల నుంచి బెడ్ రైలు పైభాగం దాకా ఎత్తు, నేల నుంచి క్యాబ్ పైకప్పు దాకా ఎత్తు, గరాజ్ సీలింగ్ ఎత్తు, గరాజ్ తలుపు తెరిచినప్పుడు అది ఆక్రమించే చోటు.

ఈ అంకెలతోనే హాయిస్ట్ పెట్టొచ్చో లేదో తేలుతుంది. ఒక లెక్క చూద్దాం. 8 అడుగుల సీలింగ్ అంటే 96 అంగుళాలు. క్యానోపీ ఎత్తు దాదాపు 24 అంగుళాలు, కప్పీలు, కొక్కేలకు 8 అంగుళాలు, కింద పెట్టే కర్ర మందం ఒకటిన్నర అంగుళం. ఇవి పోగా మిగిలేది 62న్నర. ఫుల్ సైజు ట్రక్కు బెడ్ రైలు 58 అంగుళాల ఎత్తులో ఉందనుకుంటే మధ్యలో ఖాళీ నాలుగున్నర అంగుళాలే. క్యాబ్ ఎత్తేమో 76 అంగుళాల పైమాటే.

చూడటానికి ఇది కుదరనట్టుంటుంది గానీ కుదురుతుంది. షరతు ఒక్కటే, ట్రక్కుని రివర్స్‌లో గరాజ్‌లోకి తేవాలి. అప్పుడు క్యాబ్ గరాజ్ తలుపు వైపు ఉంటుంది. క్యానోపీ పైకి లేచాక ట్రక్కు ముందుకి నడిస్తే దాని కిందుగా జారేది బెడ్ మాత్రమే, క్యాబ్ ఎప్పుడూ క్యానోపీ కిందకి రాదు. అదే ముక్కు లోపలికి పెట్టి ఆపితే, బయటికి వెనక్కి వచ్చేటప్పుడు క్యాబ్ మొత్తం క్యానోపీ కింద నుంచి రావాలి. 8 అడుగుల గరాజ్‌లో అది అసాధ్యం. 10 అడుగుల సీలింగ్ ఉంటే కింద 86 అంగుళాలు మిగులుతుంది కాబట్టి ఎలా పెట్టినా ఫర్వాలేదు.

క్యానోపీ బరువు పోగానే వెనక స్ప్రింగులు తేలికై బెడ్ కాస్త పైకి లేస్తుంది. నాలుగున్నర అంగుళాల్లో అది కూడా లెక్కలోకే వస్తుంది. ఎత్తడం అయ్యాక చుట్టూ తిరిగి చూసి, ఆ తర్వాతే బండి కదపండి.

విప్పడం

చదునైన నేల మీద బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, రూఫ్ ర్యాక్ మీదవీ లోపలివీ మొత్తం ఖాళీ చేయండి.

మొదట కరెంటు. క్యానోపీకి సొంత మూడో బ్రేక్ లైటు ఉంటుంది, కొన్నిటికి లోపల దీపం కూడా. వైరు ఎక్కువగా బెడ్ ముందు మూల నుంచి గానీ వెనక లైటు పక్క నుంచి గానీ కిందకి వెళ్తుంది. ప్లగ్ ఉంటే విప్పి రెండు కొసలకూ డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు కొసల్ని తడి నుంచి కాపాడేది) రాసి టేపు చుట్టండి. కొందరు ఇన్‌స్టాలర్లు ప్లగ్ పెట్టకుండా వైరుని నేరుగా అతికేస్తారు. అలా ఉంటే ఇప్పుడే కత్తిరించి, నీరు చొరబడని కనెక్టర్ పెట్టుకోండి, లేకపోతే ప్రతిసారీ ఇదే తంటా. అమెరికాలో 1994 మోడల్ నుంచి పికప్‌లకి క్యాబ్ మీద మూడో బ్రేక్ లైటు తప్పనిసరి. క్యానోపీ దించాక ఆ లైటే పని చేస్తుంది కాబట్టి అది వెలుగుతోందో లేదో చూసుకోండి.

తర్వాత క్లాంపులు, అంటే క్యానోపీని బెడ్ రైలుకి పట్టి ఉంచే బిగింపులు. పొట్టి బెడ్‌కి నాలుగు, పొడుగు బెడ్‌కి ఆరు ఉండటం మామూలు. తుప్పు పట్టి ఉంటే ముందురోజు సాయంత్రం పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టి వదిలేయండి. చేతి పానాతోనే విప్పండి. ఇంపాక్ట్ గన్ వాడితే క్లాంపు తిరిగి ఫైబర్‌గ్లాస్ అంచుని పగలగొడుతుంది. టయోటా టకోమా లాంటి బండ్లకి ప్లాస్టిక్ కాంపోజిట్ బెడ్, దాని లోపలివైపు రైలు ట్రాక్ ఉంటాయి. వాటి క్లాంపులు వేరు, ట్రాక్‌లోకి కొక్కెంలా దిగుతాయి. ఏ క్లాంపు ఎక్కడిదో మార్కర్‌తో రాసి ఒకే సంచిలో వేయండి. ముందు గోడకి, క్యాబ్‌కి మధ్య రబ్బరు బూట్ ఉంటే దాన్నీ వదులు చేయండి.

క్లాంపులు తీసినా క్యానోపీ కదలకపోవచ్చు. నీరు దిగకుండా క్యానోపీకీ బెడ్ రైలుకీ మధ్య అతికించిన ఫోమ్ టేపు ఏళ్ల తరబడి నలిగి జిగురులా పట్టేస్తుంది. స్క్రూడ్రైవర్ దూర్చి పైకి తన్నకండి, అక్కడే పెయింటు లేస్తుంది, బెడ్ రైలుకి సొట్ట పడుతుంది. గట్టి చేపల గాలం దారం తీసుకుని ఇద్దరు చెరోవైపు పట్టుకుని టేపు మధ్యలో రంపంలా లాగండి. ఎండలో కాసేపు నిలిపిన బండికి ఈ పని ఇంకా తేలిక.

చివరగా పక్క తలుపులు, వెనక గాజు తలుపు మూసి తాళం వేయండి. వెనక తలుపు మూసి ఉంటే చట్రానికి కొంత బలం వస్తుంది. టెయిల్‌గేట్ (బెడ్ వెనక తలుపు) మాత్రం కిందకి దించి ఉంచండి.

అడ్డకర్రలు: అన్నిటికంటే ముఖ్యమైన పరికరం ఇదే

దుకాణంలో అమ్మే హాయిస్ట్‌లతో పాటు బెల్టులు వస్తాయి. చాలామంది వాటిని నేరుగా క్యానోపీ కింద నుంచి చుట్టేస్తారు. బెల్టు పక్క గోడల్ని లోపలికి నొక్కుతుంది, అంచు దగ్గర పెయింటు గీసుకుపోతుంది. అదే బెల్టుని ఒక అడ్డకర్ర కొసలకి కడితే క్యానోపీ మీద నొక్కుడు పడదు, బరువంతా కర్ర మీద కూర్చుంటుంది.

కావాల్సినవి రెండు 2×4 కర్రలు, కణుపులు లేకుండా తిన్నగా ఉన్నవి. 2×4 అని పేరేగానీ అసలు కొలత ఒకటిన్నర, మూడున్నర అంగుళాలు. హాయిస్ట్ కోసమైతే క్యానోపీ బయటి వెడల్పుకి రెండు వైపులా నాలుగేసి అంగుళాలు కలిపి కోయండి. స్టాండ్ల పద్ధతి కోసమైతే 8 అడుగుల కర్రని కోయకుండా అలాగే వాడాలి.

కర్రని పడుకోబెట్టే వాడాలి, అప్పుడు దాన్ని దూర్చడానికి క్యానోపీని రెండు అంగుళాలు ఎత్తితే చాలు. కింది అంచు కూర్చునే రెండు చోట్లా పాత కార్పెట్ ముక్క అతికించండి. ఆ అంచుకి లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి చిన్న చెక్క దిమ్మె స్క్రూలతో బిగించండి. ఈ నాలుగు దిమ్మెలే అసలు పని చేస్తాయి. పక్క గోడ విచ్చుకోవాలన్నా, నొక్కుకోవాలన్నా అవి కదలనివ్వవు. ముందురోజు రాసుకున్న వెడల్పుల ప్రకారం ముందు కర్రకీ వెనక కర్రకీ విడివిడిగా దిమ్మెలు పెట్టాలి, ఎందుకంటే బెడ్ వెడల్పు రెండు చోట్లా ఒకేలా ఉండకపోవచ్చు.

దూర్చేటప్పుడు ఇద్దరు ముందు రెండు మూలలూ పట్టి కొంచెం ఎత్తితే మూడో మనిషి కర్ర జరుపుతాడు. ముందు అంచు నుంచి దాదాపు 12 నుంచి 15 అంగుళాల దూరంలో మొదటిది, వెనక అంచు నుంచి అంతే దూరంలో రెండోది. ఎత్తేవాళ్లు పట్టుకోవాల్సింది కింది అంచుని మాత్రమే. కిటికీ చట్రం, తలుపు హ్యాండిల్, గ్యాస్ స్ట్రట్ (తలుపుని ఎత్తి నిలిపే కడ్డీ) పట్టుకుని లాగితే అవే ఊడొస్తాయి.

మనుషులతో

నలుగురు, కర్రకి ఇద్దరు చొప్పున కొసలు పట్టుకుని ఎత్తి, వెనక్కి నడుస్తూ టెయిల్‌గేట్ దాటించి సాహార్స్‌ల (వడ్రంగులు వాడే కాళ్ల బల్లలు) మీద దించడం. ఏడాదికి ఒకసారే దించేవాళ్లకి ఇంతకన్నా ఖర్చు పెట్టడం అనవసరం. చెప్పుకోవాల్సింది ఒక్కటే, ముందు కర్ర పట్టుకున్న ఇద్దరూ బెడ్ పక్కనే నడుస్తూ చేతులు భుజాల ఎత్తులో ఉంచాల్సి వస్తుంది. ఎత్తుగా ఉన్నవాళ్లని అక్కడ పెట్టండి.

జాకీలు, స్టాండ్లు: ఒక్కరే చేసుకునే చవకైన దారి

గరాజ్ లేనివాళ్లకి, సీలింగ్ మీద భారం వేయడం ఇష్టం లేనివాళ్లకి ఇది బాగుంటుంది. క్యానోపీని కదిలించరు. కొంచెం పైకి లేపి, దాని కింద నుంచి ట్రక్కుని బయటికి తీసేస్తారు.

రెండు వైపులకీ ఒక్కో స్టాండ్ చేయాలి. ఒక్కో స్టాండ్‌లో రెండు 4×4 స్తంభాలు, వాటిని పైన, కింద కలిపే రెండు 2×4లు, మధ్యలో ఒక ఏటవాలు కర్ర. ప్రతి స్తంభం కింద 24 అంగుళాల అడ్డ పాదం ఉండాలి. ట్రక్కు మధ్యలోంచి వెళ్లాలి కాబట్టి రెండు స్టాండ్లని ఒకదానితో ఒకటి కలపలేం. పక్కకి ఒరగకుండా ఆపేవి ఈ పాదాలే, వాటిని పొట్టిగా చేయకండి. పాదంలో ఎక్కువ భాగం బయటివైపుకి ఉంచండి, లోపలివైపు పొడుచుకొస్తే టైరు తగులుతుంది. స్టాండ్ ఎత్తు బెడ్ రైలు ఎత్తుకి నాలుగు అంగుళాలు ఎక్కువ ఉండాలి.

ఫుల్ సైజు ట్రక్కు ఒళ్లు అద్దాలు కాకుండా దాదాపు 80 అంగుళాలు. స్టాండ్ల మధ్య 88 అంగుళాలు ఉంచితే రెండు వైపులా నాలుగేసి అంగుళాలు మిగులుతాయి. అందుకే 8 అడుగుల కర్ర, అంటే 96 అంగుళాలు, సరిగ్గా సరిపోతుంది. అద్దాలు క్యాబ్ దగ్గర, స్టాండ్లకి ముందే ఉంటాయి. ట్రక్కు ముందుకి నడిస్తే అవి స్టాండ్ల మధ్యకి రానే రావు.

బెడ్‌లో ప్రతి కర్ర కింద రెండేసి జాకీలు, బాటిల్ జాకీలో కత్తెర జాకీలో, వెడల్పాటి పలక మీద పెట్టండి. జాకీ కుదురు బెడ్ పక్క గోడలకి దగ్గరగా, కర్ర మీద క్యానోపీ అంచు కూర్చున్న చోటికి వీలైనంత చేరువలో ఉండాలి. బెడ్ లోతు 21 అంగుళాల పైన ఉంటుంది, జాకీ అంత ఎత్తుకి అందదు. మధ్యలో దిమ్మెలు పేర్చాల్సి వస్తుంది. వదులుగా పేర్చిన దిమ్మెలు జారతాయి, అందుకని వాటిని ముందే స్క్రూలతో ఒకటిగా బిగించి పీటలా చేసుకోండి. ఒక్కో జాకీకి అంగుళానికి మించకుండా వంతులవారీగా ఎత్తండి. ఒక మూలని ఒకేసారి నాలుగు అంగుళాలు లేపితే గాజు తలుపు పోయినట్టే. అయిదు అంగుళాలు లేచాక స్టాండ్లు కర్రల కొసల కిందకి జరిపి, జాకీలు నెమ్మదిగా దించి, కర్రలని స్టాండ్లకి స్క్రూలతో బిగించి, జాకీలూ పీటలూ బెడ్‌లోంచి తీసేసి, ట్రక్కుని తిన్నగా ముందుకి తీయండి. స్టీరింగ్ తిప్పడం ట్రక్కు పూర్తిగా బయటపడ్డాకే. బయటికి వచ్చిన వెంటనే రెండు స్టాండ్ల మధ్య ముందు ఒకటి, వెనక ఒకటి ఏటవాలు కర్రలు కొట్టేయండి. ఇక అది గాలికీ ఒరగదు.

సీలింగ్ హాయిస్ట్

తరచూ దించి ఎక్కించేవాళ్లకి దీన్ని మించింది లేదు. నాలుగు మూలల నుంచి నాలుగు తాళ్లు పైకి వెళ్లి, సీలింగ్ కప్పీల మీదుగా ఒకే పలకకి చేరి, అక్కడి నుంచి గోడ మీది వించ్‌కి (హ్యాండిల్ తిప్పి తాడు చుట్టే యంత్రం) వస్తాయి. ఒకే వించ్ కాబట్టి నాలుగు మూలలూ సమంగా లేస్తాయి. విడివిడిగా నాలుగు రాచెట్లు బిగించే ఏర్పాటు చౌకగా దొరుకుతుంది గానీ దాన్ని కొనకండి, మట్టం తప్పడం ఖాయం.

కొక్కెం ఒక్కటే ఉండే ఎలక్ట్రిక్ హాయిస్ట్ గానీ చైన్ బ్లాక్ గానీ ఇంటి గరాజ్‌లో ఎందుకు పనికిరాదో కూడా చెప్పుకోవాలి. నాలుగు బెల్టులు ఒకే కొక్కేనికి చేరాలంటే అవి ఏటవాలుగా వెళ్లాలి. 45 డిగ్రీల వాలు రావాలన్నా మన కర్రల కొసల నుంచి కొక్కెం దాకా మూడున్నర అడుగుల పైచిలుకు ఎత్తు కావాలి. ఎత్తు తగ్గి వాలు 30 డిగ్రీలకి పడితే ఒక్కో బెల్టులో లాగుడు దాని వాటా బరువుకి రెట్టింపవుతుంది. ఎత్తైన షెడ్‌లో అయితే వాడుకోండి, ఇంట్లో వద్దు.

సామర్థ్యం క్యానోపీ బరువుకి కనీసం రెట్టింపు ఉన్నది తీసుకోండి. వించ్ విషయంలో ఒక ముఖ్యమైన తేడా ఉంది. పడవ ట్రైలర్లకి వాడే మామూలు రాచెట్ వించ్‌లో దించేటప్పుడు పాల్‌ని (పళ్ల చక్రం వెనక్కి తిరగకుండా ఆపే కొక్కేన్ని) ఎత్తిపెట్టాలి, అప్పుడు బరువంతా మీ చేతి మీదే ఆధారపడుతుంది. చెయ్యి జారితే హ్యాండిల్ గిరగిరా తిరిగి ఎముకలు విరగ్గొడుతుంది. బ్రేక్ వించ్ లేదా వర్మ్ గేర్ వించ్ అయితే హ్యాండిల్ వదిలినా బరువు అక్కడే ఆగుతుంది. అదే కొనండి.

తాడు బదులు 1/8 అంగుళం 7×19 (ఒక్కోదానిలో 19 సన్న తీగలున్న 7 పాయల) గాల్వనైజ్డ్ వైర్ రోప్ మంచిది. తెగే బలం దాదాపు 2000 పౌండ్లు, పనిభారంగా అందులో అయిదో వంతు, అంటే 400 లెక్కేసుకోవాలి. కొసల్లో థింబుల్ (వంపు దగ్గర తీగ నలగకుండా కాపాడే లోహపు గాడి) పెట్టి ముడవండి. యు-బోల్టు క్లిప్పులు వాడితే వంపు తిరిగిన యు భాగం ఎప్పుడూ చిన్న కొస మీద, జీను భాగం బరువు మోసే తీగ మీద రావాలి. తిరగేసి పెడితే బరువు మోసే తీగే నలిగి బలం పోతుంది.

ఏ కప్పీ మీద ఎంత పడుతుందో చూడండి. 200 పౌండ్ల క్యానోపీకి ఒక్కో తీగలో 50 పౌండ్లు. తీగ నిలువు నుంచి అడ్డంగా మలుపు తిరిగే మూల కప్పీ మీద పడేది 50 కాదు, దాదాపు 71. నాలుగు తీగలూ కలిసి గోడ వైపు కిందకి తిరిగే చివరి కప్పీ మీద దాదాపు 283 పౌండ్లు. ఊడిపోయే ప్రమాదం ఎక్కువున్నది ఈ చివరి కప్పీకే. సొంతంగా చేసుకునేవాళ్లు దీన్ని కూడా మిగతా నాలుగింటిలాగే బిగించి వదిలేస్తుంటారు. దాన్ని జాయిస్ట్‌ల (సీలింగ్‌ని మోసే వరస కర్రలు) మధ్య అడ్డంగా వేసిన గట్టి దూలానికి బోల్టులతో బిగించాలి. వించ్ కూడా అంతే. రెండు స్టడ్‌ల (గోడ లోపలి నిలువు కర్రలు) మీదుగా 2×8 పలక బిగించి, ఆ పలక మీద వించ్ పెట్టాలి.

లాగ్ స్క్రూ (చెక్కలోకి దింపే మందపాటి స్క్రూ) 3/8 అంగుళం మందం, మూడున్నర పొడవు తీసుకోండి. జాయిస్ట్ మందం ఒకటిన్నర అంగుళమే, కాబట్టి నడిమధ్యలో దిగాలి. స్టడ్ ఫైండర్‌ని గుడ్డిగా నమ్మకుండా సన్నటి మేకు రెండు మూడు చోట్ల దింపి జాయిస్ట్ రెండు అంచులూ కనుక్కోండి, రంధ్రాలని తర్వాత పుట్టీతో పూడ్చొచ్చు. 1/4 అంగుళం బిట్‌తో పైలట్ రంధ్రం వేసి, స్క్రూ మరకి కొంచెం సబ్బు రాసి తిప్పండి. సాధారణ స్ప్రూస్-పైన్ కర్రలో అంగుళం మరకి 235 పౌండ్ల దాకా పట్టు లెక్కిస్తారు. రెండు అంగుళాల మర దిగితే మూల కప్పీకి చాలినంత కన్నా ఎక్కువే. అంటే స్క్రూ ఊడుతుందన్న భయం కన్నా ఆ పైనున్న కర్ర గురించి ఆలోచించడం ముఖ్యం.

అమెరికాలో కొత్త ఇళ్ల గరాజ్‌ల మీద ఎక్కువగా ఉండేవి జాయిస్ట్‌లు కాదు, 24 అంగుళాల దూరంలో పెట్టిన ట్రస్‌లు (ముక్కోణాలుగా కూర్చిన పైకప్పు చట్రాలు). వాటి కింది కర్రని చాలాసార్లు సీలింగ్ బోర్డు, ఇన్సులేషన్ మోయడం వరకే లెక్కగట్టి తయారు చేస్తారు. ఒకే ట్రస్‌కి రెండు కప్పీలు తగిలించడం సరి కాదు. అటక మీదకెక్కి, ట్రస్‌ల కింది కర్రల మీదుగా అడ్డంగా 2×6ని నిలబెట్టి, నాలుగైదు ట్రస్‌లకి బరువు పంచి, ఆ 2×6 నుంచి కిందకి ఐ-బోల్టు (కొసలో వలయమున్న బోల్టు) దింపాలి. ట్రస్ కర్రల్ని కోయకూడదు, వాటిలో పెద్ద రంధ్రాలు వేయకూడదు. ట్రస్ తయారీదారుని గానీ స్ట్రక్చరల్ ఇంజినీరుని గానీ ఒక్కసారి అడగడానికి అయ్యే డబ్బు ఈ మొత్తం పనిలో సార్థకమైన ఖర్చు.

ఎత్తేటప్పుడు రెండు అంగుళాలు లేపి ఆగండి. కర్రల మీద రసమట్టం పెట్టి చూడండి. వెనక గాజు తలుపు వల్ల వెనకభాగం కిందకి వాలొచ్చు, అలా వాలితే కిందకి దించి ఆ వైపు తీగలు పొట్టి చేయండి. కింద ఎవరూ నిలబడకూడదు. పూర్తిగా లేచాక వించ్ మీద వదిలేయకుండా, సీలింగ్ నుంచి వేరే కొక్కేలతో నాలుగు గొలుసులు గానీ బెల్టులు గానీ కర్రలకి తగిలించి, వించ్‌ని కొంచెం వదులు చేసి బరువు వాటి మీదకి మార్చండి. నెలల తరబడి ఆగే బరువుకి ఇది తప్పదు. ఎలక్ట్రిక్ హాయిస్ట్ అయినా ఇంతే.

చక్రాల బండి

స్టాండ్ల పద్ధతికి పొడిగింపే ఇది. దించాక క్యానోపీని గరాజ్ మూలకి నెట్టుకోవాలంటే 2×4లతో క్యానోపీ కింది అంచు కొలతకి సరిపడే చట్రం, నాలుగు మూలలకీ నాలుగు అంగుళాల క్యాస్టర్ చక్రాలు చాలు. రెండు చక్రాలకైనా బ్రేకులుండాలి. చిన్న రెండు అంగుళాల చక్రాలు కాంక్రీటు పగులులో ఇరుక్కుని మొత్తం ఒక్క కుదుపుతో ఆగుతాయి. చట్రం ఎత్తు మోకాలి దాకా ఉంటే కింద చోటుని కూడా సామానుకి వాడుకోవచ్చు.

ఆస్ట్రేలియా కాళ్ల క్యానోపీలు

ట్రే మీద కూర్చునే పెద్ద అల్యూమినియం పెట్టెలివి. లోపల ఫ్రిజ్, డ్రాయర్లు, బ్యాటరీ అన్నీ కలిపి కొన్ని వందల కిలోలుంటాయి, చేతులతో ఎత్తే ప్రశ్నే లేదు. నాలుగు మూలల్లో తిప్పే కాళ్లు తగిలించి పైకి లేపుతారు. ముందు యాండర్సన్ ప్లగ్ (ట్రక్కు నుంచి క్యానోపీకి కరెంటు తెచ్చే కనెక్టర్) విప్పండి, తర్వాత ట్రే కింద టర్న్‌బకిల్స్ (తిప్పి బిగించే మర కొక్కేలు). నేల గట్టిగా, చదునుగా ఉండాలి. మెత్తటి నేలైతే ప్రతి కాలి కింద పలక వేయాలి. నాలుగు కాళ్లూ నేలకి తగిలాక ఒక్కోదాన్ని కొన్ని చుట్లే తిప్పుతూ వంతులవారీగా లేపండి. ట్రే బయటపడ్డాక క్యానోపీని ఎత్తులో వదలకుండా వీలైనంత కిందకి దించేయండి. పొడవు కాళ్ల మీద నిలబడ్డ భారీ పెట్టె గాలికి ఊగితే కాళ్లే వంగిపోతాయి.

మన దగ్గర

ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలోనే ఇసుజు కర్మాగారం ఉంది. వి-క్రాస్ క్యానోపీలు చిన్నవి, ఇద్దరు ముగ్గురితో దిగిపోతాయి. పోర్టికో స్లాబ్‌కి ఉన్న ఫ్యాన్ హుక్కుకి చైన్ కప్పీ తగిలించి ఎత్తే ఆలోచన మాత్రం వద్దు. ఆ హుక్కు లోపల ఎంత లోతుకి వెళ్లిందో, తుప్పు ఎంత తిన్నదో పైకి తెలియదు. ఇనుప పైపులతో పందిరి గుంజల్లా నాలుగు కాళ్ల చట్రం వెల్డింగ్ చేయించుకుంటే నిశ్చింత. కర్ర స్టాండ్లయితే నేల మీద నేరుగా పెట్టకండి, చెదలు పడతాయి. వర్షాకాలంలో క్యానోపీ లోపల బూజు త్వరగా పడుతుంది, పక్క కిటికీలు వేలెడంత తెరిచి దోమతెర ఉంచండి.

దాచేటప్పుడు

ఎప్పుడూ బెడ్ మీద ఎలా కూర్చుంటుందో అలాగే, కింది అంచుల మీద నిలబెట్టాలి. చోటు మిగులుతుందని గోడకి నిలువుగా ఆనించినా, తిరగేసినా పైకప్పు వంగుతుంది, గాజు మీద భారం పడుతుంది. పడ్డ వంపు ఎండాకాలం వేడికి శాశ్వతం అవుతుంది. అడ్డకర్రల్ని దిమ్మెలతో సహా అలాగే ఉంచేయండి, వెడల్పు కాపాడేవి అవే.

నేల మీద గడ్డిలో పెడితే తేమ, ఎలుకలు, చీమలు చేరతాయి. కనీసం అడుగు ఎత్తు ఉండాలి. ఆరుబయట పెడితే గాలి అసలు శత్రువు. ఖాళీ క్యానోపీ లోపలికి గాలి దూరితే రెక్కలా లేస్తుంది. నేలలోకి తిప్పే ఇనుప యాంకర్లు నాలుగు దింపి, రాచెట్ బెల్టులని క్యానోపీ పైనుంచి కాకుండా అడ్డకర్రల కొసలకి కట్టండి. పైనుంచి బిగిస్తే పైకప్పు నలుగుతుంది. టార్పాలిన్ కప్పితే గాలికి కొట్టుకుంటూ పెయింటుని ఇసుక కాగితంలా అరగదీస్తుంది, కింద తేమ నిలుస్తుంది. గాలాడే గుడ్డ కవరు, దాని కింద ఒక పూత వ్యాక్స్ ఉంటే ఎండకి రంగు వెలవదు. మంచు పడే చోట్ల పైకప్పు మీద పేరుకోకుండా మెత్తటి చీపురుతో దులుపుతుండాలి.

రబ్బరు సీళ్లకి సిలికాన్ గ్రీజు రాయండి, పెట్రోలియం నూనెలు రబ్బరుని ఉబ్బిస్తాయి. ఇటు బెడ్ రైళ్ల మీద మిగిలిన జిగురు, ఉప్పు, మట్టి కడిగి చూడండి. ఫోమ్ టేపు కింద నీరు నిలిచి ఉక్కు బెడ్‌లకి అక్కడే తుప్పు మొదలవుతుంది. 2015 నుంచి ఫోర్డ్ ఎఫ్-150 బెడ్ అల్యూమినియం. దాని మీద ఉక్కు క్లాంపు నేరుగా తగిలితే తడిలో ఆ అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది, మధ్యలో రబ్బరు ప్యాడ్ తప్పదు.

మళ్లీ ఎక్కించడం

పాత ఫోమ్ టేపు మళ్లీ వాడొద్దు. ఒకసారి నలిగినది మళ్లీ ఉబ్బదు, నీరు కారేది అక్కడే. పాతది గీకి, ఆల్కహాల్‌తో తుడిచి, కొత్త క్లోజ్డ్ సెల్ టేపుని సాగదీయకుండా అతికించండి. సాగదీసి అతికిస్తే వారంలో కుంచించుకుపోయి మూలల దగ్గర సందు వస్తుంది.

ముందు మూడు వెడల్పులూ కొలిచి చూడండి. దించేటప్పుడు కర్రలు తీయడానికి చివరి రెండు అంగుళాల్లో ఆగాలి, అక్కడే వేళ్లు నలుగుతాయి. క్యాబ్‌కి, క్యానోపీకి మధ్య సందు రెండు వైపులా సమంగా ఉందో, వెనక తలుపు టెయిల్‌గేట్‌తో తిన్నగా కలుస్తోందో చూశాకే క్లాంపులు పెట్టండి. ముందు అన్నిటినీ చేత్తో బిగించి, తర్వాత ఎదురెదురు మూలలు మార్చుకుంటూ తయారీదారు చెప్పిన టార్క్‌కి బిగించండి. ఎక్కువ బిగిస్తే ఫైబర్‌గ్లాస్ అంచుకి వెంట్రుక పగుళ్లు వస్తాయి. ప్లగ్ పెట్టి, ఒకరు బ్రేక్ నొక్కుతుంటే ఒకరు వెనక నుంచి లైటు చూడాలి. గొట్టంతో పైనుంచి నీళ్లు పోసి లోపల టార్చి వేసి చూడండి. కొత్త ఫోమ్ అణిగేకొద్దీ క్లాంపులు వదులవుతాయి, కాబట్టి వంద మైళ్లు తిరిగాక ఒకసారి పానా పెట్టి మళ్లీ బిగించండి.